ఒంట్లో పురుగుంటే మన ఇమ్యూనిటీ ఏం చేస్తోంది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆగస్టు 10న స్కూళ్లలో అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్రలు వేశారు కదా, ఆ తర్వాత మన పేజీకి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చూస్తే సగానికి పైగా పురుగుల మీదే ఉన్నాయి. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ఇలా అన్ని వైపుల నుంచీ రాశారు. నేను మెడికల్ స్టూడెంట్స్‌కి మైక్రోబయాలజీ పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. చాలామంది అడిగింది ఒకటే, "ఏ బాధా లేనప్పుడు మందెందుకు" అని. దానికి నా జవాబు ముందే చెప్పేస్తాను, మనకి బాధ తెలియకుండా చూసుకోవడం ఆ పురుగు బతకడానికి చేసే పనే. ఎలా చేస్తుందో కింద ఒక్కో ప్రశ్నలో చూద్దాం.

ప్రశ్న: మా బాబు రెండో క్లాస్. స్కూల్లో మాత్ర వేశారు. వాడు బాగానే తింటాడు, ఆడుకుంటాడు, మోషన్‌లో ఎప్పుడూ పురుగులు కనపడలేదు. అసలు పురుగులుంటే ఒంట్లో ఉన్న ఇమ్యూనిటీనే వాటిని తరిమేయాలి కదండీ? – ఒక తల్లి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: మీరు అడిగింది చాలా సరైన ప్రశ్నమ్మా. ఇమ్యూనిటీ ఊరికే ఏం కూర్చోదు, ప్రయత్నం చేస్తుంది. కాకపోతే బ్యాక్టీరియాతో చేసినట్టు పురుగుతో చేయలేదు. బ్యాక్టీరియా చిన్నది, తెల్లరక్తకణం దాన్ని మింగేసి లోపలే అరిగించేస్తుంది. అదే ఏలికపామునే తీసుకోండి, 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది, తెల్లకణమేమో మిల్లీమీటర్‌లో వందో వంతు, అంతకి కొంచెం ఎక్కువ. మింగడం అనే మాటే లేదు ఇక్కడ. అందుకని మన ఒంట్లో పురుగుల కోసం వేరే ఏర్పాటు ఉంది. ఐజీఈ అనే యాంటీబాడీ తయారవుతుంది, ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి పురుగు చర్మం మీద విషం లాంటి పదార్థాలు వదుల్తాయి, పేగు గోడ జిగురు ఎక్కువ ఊరుస్తుంది, పేగు గట్టిగా కదిలి లోపలున్నదాన్ని కిందకి తోసేయాలని చూస్తుంది. పేగు లోపలి గోడలో టఫ్ట్ కణాలని అరుదుగా ఉంటాయి, పురుగు వచ్చిందని ముందు కనిపెట్టి అలారం కొట్టేది అవేనని 2016లోనే తెలిసింది.

ఈ ఏర్పాటుకి తట్టుకోలేని పురుగులు పోతాయి. కానీ ఏలికపాము, కొంకి పురుగు, కొరడా పురుగు లాంటివి వేల ఏళ్లుగా మనుషుల్లోనే బతుకుతున్నాయి, మన ఒళ్లు వేసే ప్రతి అడుగుకీ వాటి దగ్గర ఒక విరుగుడు ఉంది. ఇక మోషన్‌లో కనపడలేదన్నారు, కనపడవండీ. కొంకి పురుగు సెంటీమీటర్ పొడవుంటుంది, పేగు గోడని కరుచుకుని అక్కడే ఉండిపోతుంది, బయటికొచ్చేవి దాని గుడ్లు మాత్రమే, అవి మైక్రోస్కోప్‌లో తప్ప కనపడవు. ఒక్క ఆడ ఏలికపాము రోజుకి రెండు లక్షల గుడ్లు పెడుతుంది, అవీ కంటికి కనపడవు. కొంకి పురుగుల్లో ఒక రకం రోజుకి 0.03 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటే ఇంకో రకం 0.15 దాకా తీసుకుంటుంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది, కానీ ఆ రెండో రకం పురుగులు వంద ఉంటే రోజుకి 15 మిల్లీలీటర్లు, అది నెలల తరబడి. పిల్లాడు పడిపోడు, జ్వరం రాదు, కాస్త పాలిపోతాడు, క్లాస్‌లో నిద్రమొహంగా ఉంటాడు, చదువు మీద ధ్యాస లేదని మనం తిడతాం. అందుకే లక్షణాలు చూసి కాకుండా అందరికీ ఇస్తారు, 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై ఆ తర్వాత దేశమంతా ఇలాగే, ఏడాది దాటిన పిల్లల దగ్గర్నుంచి 19 ఏళ్ల వరకూ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకి అందులో సగం. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, ఈ మాత్ర ఉన్న పురుగుని చంపుతుంది కానీ కొత్తగా రాకుండా ఆపదు, మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగితే కొంకి పురుగు పిల్ల కాలి చర్మంలోంచే మళ్లీ ఎక్కుతుంది. అందుకే ఫిబ్రవరిలోనూ వేస్తారు.

ప్రశ్న: ఇదివరకు మా వీధిలోకి ఫైలేరియా వాళ్లు రాత్రి తొమ్మిది దాటాక వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకెళ్లేవాళ్లు. పగలు రావొచ్చుగా, పడుకున్న పిల్లల్ని లేపడం ఎందుకు? ఆ రోజుల్లో మా మావయ్యకి పాజిటివ్ అన్నారు, ఆయనకి కాలు వాపూ లేదు ఏమీ లేదు. – కృష్ణలంక, విజయవాడ

జవాబు: పగలు వస్తే వాళ్లకి ఏమీ దొరకదండీ. ఫైలేరియా అంటే బోదకాలే. అది తెచ్చే పురుగు పెద్దదయ్యాక లింఫ్ నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో ఉంటుంది, అది పెట్టే పిల్లలు, మైక్రోఫైలేరియా అంటాం, రక్తంలో తిరుగుతాయి. ఆ పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల చిన్న రక్తనాళాల్లోకి వెళ్లి కూర్చుంటాయి, రాత్రి పదింటి నుంచి రెండింటి మధ్య చేతి వేళ్లకీ కాళ్లకీ వచ్చేస్తాయి. ఎందుకంటే వాటిని ఇంకో మనిషికి తీసుకెళ్లే క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది, మన కాలవల పక్కన మురుగునీళ్లలో పెరిగే దోమ అదే. పాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్ 1870లలో చైనాలో ఉన్నప్పుడు ఈ రాత్రి రాకపోకలు కనిపెట్టాడు, 1881లో లండన్‌లో మెకంజీ అనే డాక్టర్ ఒక పేషెంట్‌ని పగలు పడుకోబెట్టి రాత్రి మేలుకునేలా చేస్తే కొన్నాళ్లకి పురుగులు కూడా టైమ్ మార్చుకుని పగలు రక్తంలోకి రావడం మొదలెట్టాయి. అంటే గడియారం చూసి కాదు, మన నిద్రని బట్టి నడుస్తున్నాయి.

ఆ రాత్రి రక్తం చుక్కని ఆరకముందే మైక్రోస్కోప్ కింద పెడితే నాకు ఇప్పటికీ కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. ముందు పురుగు కనపడదు, ఎర్రకణాలు ఒక చోట గుంపుగా కదులుతూ అటూ ఇటూ జరుగుతుంటాయి, అక్కడ ఫోకస్ చేస్తే సన్నటి పారదర్శకమైన దారం లాంటిది మెలికలు తిరుగుతూ ఉంటుంది. మందం దాదాపు ఒక ఎర్రకణం అంత, పొడవు మిల్లీమీటర్‌లో పావు వంతు పైన. తోకా తలా దాటి కొంచెం వదులుగా ఒక పొర కనపడుతుంది, తొడుగన్నమాట. ఆ పక్కనే తెల్లకణాలు కూడా ఉంటాయి. దానికి ఆనుకుని ఉన్నా సరే ఏమీ చేయవు, స్లైడ్ చూసిన ప్రతి బ్యాచ్ స్టూడెంట్సూ "మేడం అది పక్కనే ఉంది కదా ఎందుకు పట్టుకోవట్లేదు" అనే అడుగుతారు.

మీ మావయ్యగారి విషయానికి వస్తే, ఫైలేరియా సోకినవాళ్లలో ఎక్కువమంది ఆయన లాంటివాళ్లే, పైకి ఏమీ ఉండదు. పెద్ద పురుగు ఆరేడు సంవత్సరాలు బతుకుతుంది, ఆ కాలమంతా లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదుల్తూనే ఉంటుంది. అలాంటివాళ్ల రక్తం తీసి పరీక్షిస్తే వాళ్ల లింఫోసైట్లు అనే తెల్లకణాలు వేరే క్రిములకి బాగానే స్పందిస్తాయి, ఈ పురుగు ప్రోటీన్ చూపిస్తే మాత్రం చప్పుడు చేయవు. ఇంటర్‌ల్యూకిన్-10 అనే శాంతపరిచే సిగ్నల్ ఎక్కువుంటుంది, ఐజీజీ4 అనే యాంటీబాడీ బాగా ఎక్కువుంటుంది, ఈ ఐజీజీ4 ఐజీఈకి అడ్డుపడి దాని పని జరగనివ్వదు. ఇంకో పక్క కాలు వాచిపోయిన వాళ్లలో చాలామందికి రక్తంలో పురుగు పిల్లలే దొరకవు, వాళ్ల ఇమ్యూనిటీ గట్టిగా స్పందిస్తుంటుంది. అంటే బోదకాలు ఉన్నవాళ్లని చూసి మనం దూరంగా జరుగుతాం, ఊళ్లో దోమలకి పురుగునిచ్చేది మాత్రం ఏ జబ్బూ లేదనుకుని మన పక్కన కూర్చుని టీ తాగే మనిషి. అందుకే రాత్రి సర్వే. లోపల లింఫ్ నాళాలు అప్పటికే దెబ్బతింటుంటాయి కాబట్టి పాజిటివ్ వచ్చినవాళ్లు మందు పూర్తిగా వాడాలి. మీ మావయ్యగారు అప్పట్లో కోర్సు పూర్తి చేశారో లేదో ఒకసారి కనుక్కోండి.

వాపు ఉన్నవాళ్లకి ఒక మాట, మధ్యమధ్యలో జ్వరంతో కాలు ఎర్రబడి నొప్పి చేస్తుంది చూడండి, అది చాలాసార్లు వేళ్ల సందుల్లో చర్మం పగిలి అందులోంచి బ్యాక్టీరియా పోవడం వల్ల. రోజూ సబ్బుతో కడిగి, మెత్తటి బట్టతో వేళ్ల మధ్య పూర్తిగా తడి లేకుండా తుడుచుకోండి. ఇది చిన్న పని కాదు, వాపు పెరగకుండా ఆపేది ఇదే.

ప్రశ్న: నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. పుస్తకంలో "ఇమ్యూన్ ఇవేజన్" అని నాలుగు లైన్లు ఇచ్చి వదిలేశారు. నిజంగా మాలిక్యూల్ లెవెల్‌లో పురుగు ఏం చేస్తుందో వివరంగా చెప్తారా మేడం? – గుంటూరు

జవాబు: చెప్తాను తల్లీ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. ఇమ్యూన్ ఇవేజన్ అంటే ఇమ్యూనిటీకి చిక్కకుండా తప్పించుకోవడం. ఒక్కో పురుగుది ఒక్కో దారి, నాకు బాగా నచ్చినవి చెప్తాను, మిగతావి నువ్వు వెతుక్కో.

మొదటిది షిస్టోసోమా. రక్తనాళాల లోపలే, రక్తం మధ్యలోనే ఏళ్ల తరబడి ఉండే పురుగు, ఆఫ్రికాలో ఎక్కువ, మన దగ్గర మనుషుల్లో దాదాపు లేదు. రక్తంలో యాంటీబాడీలు తిరుగుతుంటే అది ఎలా ఉండగలుగుతోంది? 1969లో లండన్‌లో స్మిథర్స్, టెర్రీ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. చిట్టెలుకల్లో పెరిగిన పురుగుల్ని తీసి కోతికి పెడితే పురుగులు బాగానే బతికాయి. అదే కోతికి ముందే ఎలుక రక్తకణాలు ఎక్కించి వాటి మీద ఇమ్యూనిటీ తెప్పించి ఆ తర్వాత పురుగులు పెడితే అవి నాశనమైపోయాయి. అంటే కోతి చంపింది పురుగు అని గుర్తుపట్టి కాదు, దాని ఒంటి మీద ఎలుకవి అంటుకుని ఉన్నాయి కాబట్టి. ఆతిథ్యం ఇచ్చిన జీవి అణువుల్నే, మనిషిలో అయితే బ్లడ్ గ్రూప్ పదార్థాల్ని కూడా, అది తన పై పొరకి పూసుకుంటుంది. కోతులతో ఇంత తేలిగ్గా ఆ సంగతి తేల్చడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, ప్రయోగం అంటే అలా ఉండాలి.

రెండోది, దాక్కోవడం కాదు, మన సిగ్నల్స్‌ని వాడుకోవడం. మన ఒంట్లో టీజీఎఫ్-బీటా అని ఒక సిగ్నల్ ఉంది, ఇమ్యూన్ కణాలకి "చాలు, ఇక తగ్గండి" అని చెప్పేది, దాడిని అదుపులో పెట్టే తెల్లకణాలు, రెగ్యులేటరీ టీ సెల్స్‌ని తయారుచేయించేది అదే. చిట్టెలుకల పేగులో ఉండే హెలిగ్మోసొమాయిడిస్ అనే పురుగు ఒక ప్రోటీన్ వదుల్తుంది, అది సరిగ్గా టీజీఎఫ్-బీటాని అందుకునే రిసెప్టర్ మీదే కూర్చుని అదే ఆర్డర్ ఇస్తుంది. 2017లో బయటపెట్టారు. ఆశ్చర్యం ఏంటంటే ఆ ప్రోటీన్‌కీ మన టీజీఎఫ్-బీటాకీ కట్టుబడిలో పోలికే లేదు, ఒరిజినల్‌తో ఏ పోలికా లేని డూప్లికేట్ తాళంచెవి అదే తాళాన్ని తీసినట్టు. మనలాంటి జీవి నుంచి జీన్ తెచ్చుకున్నది కాదు, పురుగు తనకున్న వేరే రకం ప్రోటీన్‌నే తరతరాలుగా మార్చుకుంటూ అక్కడికి చేరింది.

అదే పురుగు ఇంకో పని కూడా చేస్తుంది. కణం చచ్చిపోయేటప్పుడు ఐఎల్-33 అనే అలారం బయటికొస్తుంది, పురుగుల మీద జరిగే పోరాటానికి మొదటి కేక అదే. ఈ పురుగు వదిలే ఇంకో ప్రోటీన్ ఆ ఐఎల్-33ని పట్టుకుని, రెండో చేత్తో చచ్చిపోయిన కణం డీఎన్‌ఏని పట్టుకుంటుంది, దాంతో అలారం కణం దాటి బయటికి రాదు.

ఫైలేరియా జాతిలో బ్రూజియా అనే పురుగు సిస్టాటిన్ అని ఒకటి వదుల్తుంది. మన కణం పరాయి ప్రోటీన్‌ని ముక్కలు చేసి ఆ ముక్కని టీ సెల్‌కి చూపిస్తేనే కదా మిగతా కథ నడిచేది, ఆ ముక్కలు చేసే ఎంజైమ్‌ల్నే ఈ సిస్టాటిన్ అడ్డుకుంటుంది, చూపించడానికి ముక్కే లేకపోతే టీ సెల్ ఏం చేస్తుంది. కుక్కల కొంకి పురుగు అయితే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తనాళం గోడకి అంటుకునే చోటుని మూసేసే ప్రోటీన్ వదుల్తుంది, పైగా రక్తం గడ్డకట్టకుండా ఇంకోటి, తాగేంతసేపూ ధార ఆగకూడదు కదా. ఈసినోఫిల్స్ విసిరే ఆక్సిజన్ విషాల్ని విరిచేయడానికి పురుగు చర్మం మీదే ఎంజైమ్‌లుంటాయి. ఇలా చెప్పుకుంటూ పోతే పేజీ చాలదు.

పరీక్షలో రాసేటప్పుడు మాత్రం ఒకటి స్పష్టంగా రాయి, వీటిలో కొన్ని ఎలుకల పురుగుల్లో తేల్చినవి, కొన్ని మనుషుల పురుగుల్లో. కలిపేసి రాయొద్దు.

ప్రశ్న: నాకు నెలల తరబడి రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. ఆస్తమా అన్నారు, ఒకరు టీబీ అనుమానం అన్నారు. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ బాగా ఎక్కువున్నాయి. దీనికీ పురుగులకీ సంబంధం ఉందా? – భవానీపురం, విజయవాడ

జవాబు: ఉండొచ్చండీ, తప్పకుండా చూపించుకోండి. మనవైపు "ఇస్నోఫిలియా ఉంది" అని ప్రతి దగ్గుకీ అనేస్తుంటారు, మామూలు అలర్జీకి కూడా ఈ కౌంట్ కొంత పెరుగుతుంది. కానీ కౌంట్ 3000 దాటి, రాత్రి దగ్గు, ఆయాసం ఉండి, ఫైలేరియా ఉన్న ప్రాంతంలో ఉన్నవాళ్లయితే ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియా అనే జబ్బు గుర్తుకు రావాలి. దీన్ని మొదట్లో వివరంగా రాసినవాళ్లలో మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఒకరు, 1940లో, బార్టన్‌తో కలిసి. టీబీ అనుకుని చేర్చుకున్న కొందరిలో టీబీ కాదు, ఇది వేరే ఏదో అని గుర్తుపట్టారు.

ఇందులో జరిగేది పైన చెప్పిన మావయ్యగారి కథకి పూర్తిగా ఉల్టా. ఆయన ఒంట్లో ఇమ్యూనిటీ పురుగు మాట విని ఊరుకుంది, ఇక్కడ ఊరుకోలేదు, రక్తంలోకి వచ్చిన ప్రతి మైక్రోఫైలేరియానీ ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపేస్తోంది, అందుకే రాత్రి రక్తం తీసినా పురుగు దొరకదు. గెలిచింది ఇమ్యూనిటీనే, కానీ యుద్ధం జరిగేది మీ ఊపిరితిత్తుల్లో కాబట్టి దగ్గు మీకు. ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రల కోర్సుతో చాలామందికి బాగా తగ్గుతుంది, వదిలేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా గట్టిపడతాయి. ఛెస్ట్ డాక్టర్ దగ్గరకి వెళ్లి ఈ అనుమానం మీరే నోరు తెరిచి చెప్పండి, టీబీ పరీక్ష కూడా చేయించుకోండి, రెండూ తేలాలి.

ప్రశ్న: క్యాబేజీలో ఉండే పురుగు మెదడులోకి వెళ్తుందని మెసేజ్ వస్తోంది. మేం శాకాహారులం, మా చెల్లికి ఫిట్స్ వచ్చి స్కాన్ తీస్తే పురుగు గుడ్డు అన్నారు. ఇంట్లో క్యాబేజీ మానేశాం. – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: క్యాబేజీలో కనపడే పచ్చ పురుగు ఒక రెక్కల పురుగు పిల్ల, అది వండితే చస్తుంది, మింగినా మనలో బతకదు, దానికీ ఫిట్స్‌కీ ఏ సంబంధం లేదు. మీ చెల్లికి వచ్చింది పంది బద్దె పురుగు (టేప్‌వర్మ్) తాలూకు తిత్తి, అంటే పురుగు పిల్ల ఉండే చిన్న సంచి. కడుపులో బద్దె పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు వస్తాయి, ఆ మలం పొలంలోకో నీళ్లలోకో చేరినా, ఆ మనిషి చేతులు సరిగ్గా కడుక్కోకుండా వంట చేసినా గుడ్లు మనకొస్తాయి. మాంసం ముట్టనివాళ్లకీ అందుకే వస్తుంది. క్యాబేజీ మానక్కర్లేదు, పచ్చిగా తినేవి, కొత్తిమీర, క్యారెట్, కీరా ఇవి ధారగా పారే నీళ్లలో బాగా కడగండి, చేతులు కడగండి.

ఇక మన ఇమ్యూనిటీ విషయం. ఆ తిత్తి మెదడులో ఏళ్ల పాటు బతికే ఉంటుంది, బతికున్నంతకాలం చాలామందికి ఏమీ తెలియదు, స్కాన్‌లో కూడా దాని చుట్టూ వాపు పెద్దగా కనపడదు. ఇమ్యూన్ దాడిని ఆపే పదార్థాలు అది వదుల్తూ ఉంటుంది. ఎప్పుడైతే అది ముసలిదై చచ్చిపోవడం మొదలవుతుందో ఆ వదలడం ఆగిపోతుంది, అప్పుడు ఇమ్యూనిటీ ఒక్కసారిగా మీద పడుతుంది, చుట్టూ వాపు వస్తుంది, ఫిట్స్ వస్తాయి. అందుకే ఈ జబ్బుకి పురుగు మందు ఇచ్చేటప్పుడు డాక్టర్లు స్టెరాయిడ్ కూడా ఇస్తారు, పురుగు చస్తుంటే వచ్చే వాపుని అదుపులో పెట్టడానికి. దయచేసి మెడికల్ షాపులో ఆల్బెండజోల్ కొని సొంతంగా కోర్సు మొదలుపెట్టొద్దు. ఫిట్స్ మాత్రలు డాక్టర్ ఆపమనేవరకూ ఆపొద్దు. ఫిట్స్ వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే స్కూల్లో మాత్ర వేసే ముందు కూడా ఆ మాట చెప్పండి.

ప్రశ్న: గేదెలకి ప్రతి ఏటా కార్జపు జలగకి మందు తాగిస్తున్నాం, మళ్లీ వానాకాలం తర్వాత అదే గొడవ, దవడ కింద నీరు దిగుతుంది, పాలు తగ్గిపోతాయి. ఒకసారి వస్తే ఇమ్యూనిటీ రాదా? టీకా లేదా? – ఒక పాడి రైతు, తెనాలి దగ్గర

జవాబు: రాదండీ, అదే దీనితో వచ్చిన చిక్కు. గేదె మేసే గడ్డి మీద, కాలవ గట్ల మీద, వరి దుబ్బుల మీద అంటుకుని ఉన్న జలగ పిల్ల కడుపులోకి పోయి పేగు గోడ తొలుచుకుని కార్జంలోకి వెళ్తుంది. ఆ దారిలో దాని ఒంటి మీద యాంటీబాడీలు అతుక్కుంటాయి, అతుక్కోగానే పై పొరని అలాగే ఊడ్చి వదిలేసి కింద కొత్త పొర తెచ్చుకుంటుంది, ఇలా మళ్లీ మళ్లీ. పైగా అది వదిలే క్యాథెప్సిన్-ఎల్ అనే ఎంజైమ్ యాంటీబాడీనే మధ్యకి కత్తిరించగలదు. మీ గేదె ఎన్ని యాంటీబాడీలు తయారుచేసినా ఉపయోగం అంతంతే.

మందు విషయంలో ఒకటి చూసుకోండి, ఆల్బెండజోల్ లాంటివి పెద్ద జలగల మీదే పనిచేస్తాయి, కార్జంలో తొలుచుకుంటూ వెళ్లే పిల్ల జలగల మీద పనిచేయవు. ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగల మీద కూడా పనిచేస్తుంది. ఏది ఎప్పుడు, పాలిచ్చే గేదెకి ఇస్తే పాలు ఎన్నాళ్లు పోయకూడదు అనేది పశువుల డాక్టర్‌ని అడిగే వేయండి. నత్తలుండే పల్లపు గుంటల్లో మేపకుండా చూసుకుంటే సగం తగ్గుతుంది.

టీకా అన్నారు కదా, గొర్రెల్లో రక్తం తాగే ఒక పొట్ట పురుగుకి ఆస్ట్రేలియాలో 2014లో టీకా వచ్చింది. దాన్ని తయారుచేసింది ఆ పురుగు పేగు లోపలి గోడ ప్రోటీన్లతో. అవి మామూలుగా గొర్రె ఇమ్యూనిటీ కంట ఎప్పుడూ పడవు కాబట్టి పురుగు వాటికి విరుగుడు ఏర్పాటు చేసుకోలేదు. టీకా వేసిన గొర్రె రక్తం తాగితే యాంటీబాడీలు దాని పేగులోకే పోతాయి. ఒక లోటు ఉంది, పురుగు సోకినా గొర్రెకి ఆ ప్రోటీన్ కనపడదు కాబట్టి ఇమ్యూనిటీ దానంతటది పెరగదు, ఒక సీజన్‌లోనే మళ్లీ మళ్లీ వేయాలి. మనుషుల కొంకి పురుగుకీ ఒక టీకా తయారుచేసి బ్రెజిల్‌లో పరీక్షించారు, అప్పటికే ఆ పురుగు సోకి ఐజీఈ ఉన్నవాళ్లకి ఒళ్లంతా దద్దుర్లు రావడంతో ఆపేశారు.

ప్రశ్న: విదేశాల్లో అలర్జీకి పురుగుల్ని మింగిస్తున్నారని చదివాను. నిజమా? – మంగళగిరి

జవాబు: ప్రయోగాలు జరిగిన మాట నిజం. పురుగు మన ఇమ్యూనిటీని చల్లబరుస్తుంది కాబట్టి అలర్జీ, పేగులు వాచే క్రోన్స్ లాంటి జబ్బులు కూడా తగ్గుతాయేమోనని చూశారు. గాబన్ దేశంలో పురుగులున్న పిల్లల్లో చర్మ అలర్జీ పరీక్ష తక్కువగా పాజిటివ్ అయింది, మందు వేసి పురుగులు తీసేశాక పెరిగింది, అదీ నిజం. కానీ పంది కొరడా పురుగు గుడ్లు మింగించిన పెద్ద ట్రయల్స్ క్రోన్స్‌లో ఫలించలేదు. బతికున్న పురుగుతో కాకుండా అది వదిలే ప్రోటీన్లతో మందు చేయాలని ఇప్పుడు చూస్తున్నారు, నా ఆశ కూడా దాని మీదే. మన పిల్లల్లో రక్తహీనత ఇంత ఉన్నప్పుడు పురుగు మంచిదే అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

ప్రశ్న: అప్పట్లో మా అత్తగారి ఊళ్లో ఇంటింటికీ ఫైలేరియా మాత్రలు పంచారు. వేసుకున్న రాత్రి మా వారికి జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్లు తిరగడం. నాకేం కాలేదు. అప్పట్నుంచి ఆయన ఆ మాత్రలంటే వద్దంటున్నారు. – ఉండవల్లి

జవాబు: మీకు కాకుండా ఆయనకే జ్వరం రావడంలోనే సమాధానం ఉందమ్మా. చాలావరకు ఆ జ్వరం మందు పడకపోవడం వల్ల కాదు, ఆయన రక్తంలో మైక్రోఫైలేరియా ఉండి అవి ఒకేసారి చచ్చిపోవడం వల్ల వస్తుంది, ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ జ్వరం. లేనివాళ్లకి సాధారణంగా ఏమీ కాదు.

ఈ డీఈసీ మందు గురించి రెండు మాటలు చెప్పాలి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే లాబొరేటరీస్ పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్నప్పుడు ఆయన టీం దీన్ని కనిపెట్టింది, 1947లో బయటికొచ్చింది. తర్వాతి ఏడాదే ఆయన పోయారు. ఇన్నేళ్లుగా గోదావరి కృష్ణా జిల్లాల్లో ఎన్ని లక్షల మంది మింగారో ఆ మాత్ర, దాని వెనక మనవాడున్నాడని చాలామందికి తెలియదు, నాకు అది బాధగా ఉంటుంది. ఇంకో విశేషం, ఈ మందుని గాజు గిన్నెలో మైక్రోఫైలేరియా మీద వేస్తే అవి పెద్దగా చావవు. మనిషి ఒంట్లో అయితే కొద్ది గంటల్లోనే రక్తంలోంచి మాయమవుతాయి. అంటే మందు ఒక్కటే చంపట్లేదు, అన్నాళ్లూ పక్కనే ఉండి పట్టుకోని మన తెల్లకణాలే మందు పడ్డాక వాటిని పట్టుకుంటున్నాయి.

కాబట్టి మీ వారికి ఇలా చెప్పండి, ఆ జ్వరం ఒకటి రెండు రోజుల్లో పారాసిటమాల్‌తో తగ్గేది, తగ్గింది కూడా. ఒకసారి మింగితే పెద్ద పురుగులన్నీ చావవు, అవి మళ్లీ పిల్లల్ని పెడతాయి, అందుకే ఏటా వరసగా ఇస్తారు. ముందు ఆయన్ని ప్రభుత్వాసుపత్రిలో ఫైలేరియా పరీక్ష చేయించుకోమనండి, కార్డు మీద చేసే యాంటిజెన్ పరీక్ష అయితే పగలైనా చేయొచ్చు, రాత్రి దాకా ఆగక్కర్లేదు. పాజిటివ్ వస్తే కోర్సు డాక్టరే రాస్తారు. మాత్రలు మళ్లీ పంచినప్పుడు ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాక, ఇచ్చినవాళ్ల ముందే మింగేయమనండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, మంచం పట్టేంత జబ్బున్నవాళ్లు మాత్రం వేసుకోకూడదు.